మా ఇంట్లో ఎనిమిది మంది అపరిచితులు

ఇక్కడ ఏమైనా రాసి నెల దాటింది. మిరపకోతల రోజుల్లో నేను కనబడనని మీలో పాతవాళ్ళకి తెలుసు కాబట్టి ఎవరూ కంగారు పడి ఉండరు. ఈసారి మాత్రం కోతలొక్కటే కారణం కాదు. మా ఇంట్లో నెట్ పోయింది. మొత్తంగా పోయినా బాగుండేది, ఎవరినో పిలిచి బాగు చేయించుకునేవాళ్ళం. రోజూ సాయంత్రం ఏడూ ఏడుంపావు మధ్యలో, అదీ మా అమ్మాయి ఒక్కదానికే పోయేది.

మాది చిలకలూరిపేటకీ పర్చూరుకీ మధ్య ఒక ఊరు. ఎటు చూసినా నల్లరేగడి. అందులో సగం పత్తి, సగం మిరప. 2017 డిసెంబరులో రాష్ట్రపతి వచ్చి ఫైబర్ గ్రిడ్ ప్రారంభించి, నెలకి 149 రూపాయలకే టీవీ, నెట్, ఫోను మూడూ ఇస్తారన్నప్పుడు మా వీధిలో అందరూ కరెంటు స్తంభాలకేసి చూస్తూ కూర్చున్నారు. మాకు మాత్రం చివరికి మా వీధి కేబుల్ అబ్బాయే కనెక్షన్ ఇచ్చాడు. హాల్లో షోకేసు మీద, పెళ్ళిలో వచ్చిన ఇత్తడి నెమలి పక్కన, రూటర్ పెట్టి వెళ్ళాడు. నాలుగేళ్ళుగా దానికి దుమ్ము దులపడం తప్ప నాకూ దానికీ వేరే సంబంధం లేదు.

మా అమ్మాయికి ఇంజనీరింగ్ అయిన వెంటనే హైదరాబాదు కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఆర్నెల్లు ప్రొబేషన్, ఇంటి నుంచే పని. రోజూ రాత్రి ఏడున్నరకి అమెరికా వాళ్ళతో మీటింగు. వాళ్ళకి పొద్దున్న, మనకి దీపాలు పెట్టే వేళ. ఫిబ్రవరిలో ఒక వారం అంతా ఆ మీటింగు మధ్యలో పిల్ల బొమ్మ ఆగిపోవడం, గొంతు ఆగిపోవడం, మళ్ళీ రావడం, మళ్ళీ పోవడం. ఫోన్ సిగ్నల్ పెట్టుకుందామంటే మా ఇంటివి పాతకాలం గోడలు, లోపల ఒక గీత కూడా రాదు. డాబా ఎక్కితే వస్తుంది. ఎక్కింది పాపం, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని. కింద కల్లంలో ఆరబోసిన కాయ ఘాటు సాయంత్రం గాలికి పైకి కొడుతుంది కదా, అమెరికా వాళ్ళ ముందు పదకొండు తుమ్ములు తుమ్మి దిగి వచ్చింది. వాళ్ళలో ఒకాయన డాక్టరుకి చూపించుకోమన్నాడట.

ఆ వారం చివర మేనేజరు మెయిల్ పెట్టింది. ఇంట్లో నెట్ సరిగ్గా లేకపోతే వచ్చే నెల నుంచి హైదరాబాదు ఆఫీసుకి వచ్చి పని చెయ్యమని. ఆవిడ అడిగింది న్యాయమే. మా వారు మాత్రం అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా, "ఇంట్లో ఉండి చేస్తే చెయ్యమను, లేకపోతే మానెయ్యమను, ఎలాగూ సంబంధాలు చూస్తున్నాం కదా" అన్నారు. పిల్ల కంచం దగ్గర్నుంచి లేచిపోలేదు. లేచిపోయినా బాగుండేది. మజ్జిగ పోసుకుని పూర్తిగా తిని, కంచం కడిగి పెట్టి, గదిలోకి వెళ్ళింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను బి.ఏ. తెలుగు పాసై, ఎమ్మే అప్లికేషను తెచ్చుకుని, దాన్ని పెట్టె అడుగున పెట్టుకుని ఈ ఇంటికి వచ్చినదాన్ని. ఆ కథ ఇక్కడ ఎన్నోసార్లు రాశాను, మళ్ళీ విసిగించను.

మర్నాడు కేబుల్ అబ్బాయిని పిలిపించాను. వచ్చి తన ఫోన్లో ఏదో యాప్ తెరిచి, "అమ్మా, మీ వైఫై మీద పదమూడు డివైజులున్నాయి. ఇందులో ఎనిమిది ఎవరివో తెలీదు. బయటివాళ్ళు వాడుకుంటున్నారు. పాస్‌వర్డ్ మార్చేయండి" అన్నాడు. చూపించాడు కూడా. 'ఓనర్' అని ఒకటి, అది మా వారి ఫోను, కనెక్షన్ ఇచ్చిన రోజు తనే పెట్టాడట ఆ పేరు. టీవీ, అమ్మాయి ల్యాప్‌టాప్, సెట్‌టాప్ పెట్టె, గుంటూరు హాస్టల్లో ఉన్న మా అబ్బాయి ఇంట్లో వదిలేసి వెళ్ళిన ట్యాబు. మిగిలిన ఎనిమిదికీ పేర్లు లేవు. అన్‌నోన్, అన్‌నోన్ అని వరసగా. ఒకదానికి మాత్రం 'ఎస్ప్రెసిఫ్' అని ఉంది. "ఇదెవరో హ్యాకర్ అయి ఉంటాడమ్మా" అని భయపెట్టి, టీ తాగి వెళ్ళాడు.

ఇక్కడే నేను చేసిన పని చెప్పాలి. మా కల్లం పక్క షెడ్డులో మిరపకోత ముఠా ఉంది. ఏటా కర్నూలు పడమటి వైపు నుంచి, కోసిగి, ఆదోని, మంత్రాలయం ప్రాంతాల నుంచి, పిల్లాజెల్లాతో, మూటాముల్లెతో మా గుంటూరు, ప్రకాశం ఊళ్ళకి పత్తి తీతలకీ మిరపకోతలకీ వస్తారు. మీలో ఈ జిల్లాల వాళ్ళకి చెప్పక్కర్లేదు. వాళ్ళు రాకపోతే మా కాయ చెట్టు మీదే ఎండిపోతుంది. మా షెడ్డులో పెద్దవాళ్ళు పద్నాలుగు మంది. నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టాను, వాళ్ళ దగ్గర ఫోన్లెన్ని అని. ఎనిమిదో తొమ్మిదో తేలాయి. పైగా వాళ్ళు వచ్చిన వారంలోనే కదా నెట్ పోవడం మొదలైంది! సాయంత్రం మా వారు రాగానే "ఎనిమిది ఫోన్లు బయటివి ఉన్నాయంటండీ" అన్నాను. షెడ్డు వాళ్ళవని నోటితో అనలేదు. అనాల్సిన పని లేకుండా, కిటికీలోంచి అటుకేసి చూశాను.

మా వారు చెడ్డవారు కాదు, నోరు కొంచెం పెద్దది. నేరుగా షెడ్డు దగ్గరికి వెళ్ళి మేస్త్రిని అందరి ముందూ అడిగేశారు. "ఉండటానికి చోటిస్తే ఇంట్లోవి కూడా వాడేస్తారా" అన్నారు. మేస్త్రి పెద్దాయన. తలపాగా తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు, ఏం పోయిందో కూడా అర్థం కాక. ఆయన భార్య రొట్టెలు కాలుస్తోంది. పెనం మీద నుంచి కళ్ళు తిప్పకుండా అంది: "మాకు నెట్టు ఉందమ్మా. దినానికి ఒకటిన్నర జీబీ వస్తాది. సగం గూడా ఐపోదు. పొద్దు గూకేదాకా కోత, ఇంత రొట్టె తింటే నిద్దర ముంచుకొస్తాది. మీ నెట్టు మాకెందుకు?" ఆవిడ మా వారికి జవాబు చెప్తూ నన్ను 'అమ్మా' అంది. నేను గడపలో ఉన్నాను. ఏమీ మాట్లాడలేదు.

ఆ రాత్రే పాస్‌వర్డ్ మార్చాం. మర్నాడు తెల్లవారి ఏం జరిగిందో వినండి. ఐదింటికి దేవుడి గదిలో మోగాల్సిన సుప్రభాతం మోగలేదు. అత్తయ్య లేచి "ఇవాళ స్వామికి మెలకువ రాలేదా" అంటూ తిరుగుతున్నారు. గీజరులో నీళ్ళు కాగలేదు. అత్తయ్య ఫోన్లో ప్రవచనం రాలేదు. నా ఫోన్లో ఏమీ రాలేదు. సాయంత్రం ఏడుంపావుకి మాత్రం అమ్మాయికి నెట్ ఎప్పటిలాగే పోయింది.

బయటివాళ్ళని బయటికి పంపామనుకుంటే గీజరు ఎందుకు ఆగింది? ఎంత తెలుగు చదివిన బుర్రకైనా ఈ ప్రశ్న వస్తుంది కదా.

పాలలెక్క పుస్తకం వెనక పేజీలు ఖాళీగా ఉంటే తీసుకుని కూర్చున్నాను. అమ్మాయి ల్యాప్‌టాప్‌లో 192.168.1.1 అని కొట్టి రూటర్ పేజీ తెరిచి ఇచ్చింది. కొన్ని రూటర్లకి ఇది 192.168.0.1 అని ఉంటుంది, రూటర్ అడుగున కాగితం మీద రాసే ఉంటుంది చూడండి. లోపలికి వెళ్ళడానికి వేరే పాస్‌వర్డు, అదీ అక్కడే ఉంటుంది. (మాది ఇన్నాళ్ళూ మార్చకుండా అలాగే ఉంది. మీరూ మార్చి ఉండరు, ఇవాళే మార్చండి.) అందులో ప్రతి వస్తువుకీ రెండు గుర్తులుంటాయి. ఒకటి ఐపీ అడ్రస్, రూటర్ ఇచ్చేది. రెండోది మ్యాక్ అడ్రస్, పన్నెండు అక్షరాల సంఖ్య. సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు, ఎ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు, వీటితో రాస్తారు. ఇది ఆ వస్తువు తయారైనప్పుడే దాని కడుపులో రాసి పెట్టేది, ఇంటిపేరు లాంటిది. మొదటి ఆరు అక్షరాలను బట్టి ఎవరు తయారు చేశారో తెలుస్తుంది. ఏ కంపెనీకి ఏ అక్షరాలో ఐఈఈఈ అనే సంస్థ పంచి ఇస్తుంది.

ఇలా ఇంటిపేరు పట్టుకుని చూస్తే ముందుగా మన హ్యాకర్ దొరికాడు. ఎస్ప్రెసిఫ్ అంటే మనిషి కాదు. షాంఘైలో ఒక కంపెనీ, చవకగా వైఫై చిప్పులు చేస్తుంది. స్మార్ట్ బల్బుల్లో, ప్లగ్గుల్లో ఎక్కువగా అవే ఉంటాయి. మా అబ్బాయి సంక్రాంతికి వచ్చినప్పుడు గీజరుకి తెల్లవారుజామున దానంతటదే వెలిగే ప్లగ్గు తగిలించి పోయాడు. దాని పొట్టలో ఉన్నది ఆ చిప్పు. మా వారికి చెప్తే "మన గీజరా హ్యాకరు?" అని ఒక్క నిమిషం నవ్వి, తర్వాత నవ్వు ఆపేశారు.

మిగిలిన ఏడింటిలో నాకు పిచ్చెక్కింది. పన్నెండు అక్షరాలూ ఉన్నాయి, ఏ కంపెనీకీ చెందవు. అర్ధరాత్రి దాకా చదివితే తెలిసింది. దుకాణాల్లో, మాల్స్‌లో మన ఫోన్ ఇంటిపేరు పట్టుకుని ఎవరు ఎన్నిసార్లు వచ్చారో లెక్కపెడుతున్నారని, 2019లో ఆండ్రాయిడ్ 10 నుంచి, మర్నాటి ఏడు ఐఫోన్లలో కూడా, ఫోన్ తన అసలు పేరు చెప్పడం మానేసి ఒక్కో వైఫైకి ఒక్కో మారుపేరు చెప్పడం మొదలుపెట్టింది. అలాంటి మారుపేరుని గుర్తుపట్టడానికి ఒక చిట్కా ఉంది: పన్నెండు అక్షరాల్లో రెండోది 2, 6, ఎ, ఇ, ఈ నాలుగింటిలో ఒకటైతే అది ఫోన్ తనకి తాను పెట్టుకున్న పేరు. నా ఏడూ అలాగే ఉన్నాయి. సరే, మారుపేర్లు ఏడు, మరి మనుషులెందరు?

ఒక్కో ఫోనూ ఆపుతూ, వెలిగిస్తూ, ఎవరు మాయమవుతున్నారో చూస్తూ పోయాను. దీనికి తెలివితేటలు అక్కర్లేదు, ఓపిక చాలు. పప్పులో రాళ్ళు ఏరే ఓపిక. మా రూటర్ రెండు పేర్లతో వైఫై ఇస్తుంది, మామూలుది ఒకటి, చివర 5జి అని తోక ఉన్నది ఒకటి. హాల్లో ఉంటే ఫోన్ తోక ఉన్నదాన్ని పట్టుకుంటుంది, వంటింట్లోకి రాగానే రెండోదానికి మారుతుంది. వైఫై పేరు మారగానే మారుపేరు కూడా మారుతుంది. రూటర్ పాతపేరుని ఒక రోజంతా పుస్తకంలో ఉంచుతుంది. అంటే ఒక్క ఫోన్ హాల్లో ఒక మనిషి, వంటింట్లో ఇంకో మనిషి! అత్తయ్య ఫోన్ రెండు. అమ్మాయి ఫోన్ రెండు. దేవుడి గదిలో సుప్రభాతం కోసం నేనే పెట్టిన, అద్దం పగిలిన పాత ఫోన్ ఒకటి. ఐదు అయ్యాయి. మిగిలిన రెండూ ఎవరివో ఎంతకీ తేలలేదు. ఇంట్లో ఫోన్లన్నీ అయిపోయాయి. అమ్మాయిని పిలిచి చూపించాను.

అది నా చేతికేసి చూసి, "అమ్మా, నీ చేతిలో ఉన్నదేంటి?" అంది.

ఇరవై నాలుగేళ్ళుగా ఈ ఇంట్లో ఉన్నాను. ఎవరి ఫోన్ ఏదో లెక్కపెడుతూ నాది లెక్కలో వేసుకోలేదు. అన్నిటికంటే ఎక్కువ గంటలు ఆ వైఫై మీద ఉండేది నేనే, మీకోసం ఇవన్నీ టైపు చేసేది దాని మీదే. రెండుచోట్లా నేను అన్‌నోన్. నవ్వొచ్చింది ముందు. తర్వాత ఆ రెంటికీ నా పేరు టైపు చేసి సేవ్ చేశాను, తెలుగులో. రూటర్ తెలుగు అక్షరాలను ప్రశ్నార్థకాలుగా మార్చేసింది. సరేనని ఇంగ్లీషులో రాశాను. ఆ ఊపులో 'ఓనర్' తీసేసి మా వారి పేరు కూడా రాశాను.

పదమూడుకి పదమూడూ మావే. బయటివాళ్ళది ఒక్కటి కూడా లేదు. పుస్తకం మూసి షెడ్డు వైపు చూశాను. అప్పటికి రెండు రోజులైంది, ముఠా ఖాళీ చేసి. మొదటి కోత అవ్వగానే లెక్క తేల్చుకుని పర్చూరు వైపు ఇంకో రైతు దగ్గరికి వెళ్ళిపోయారు. గొడవ పడలేదు, ఒక్క మాట అనలేదు. షెడ్డు ఊడ్చి, నేనిచ్చిన రెండు బిందెలూ బోర్లించి పెట్టి మరీ వెళ్ళారు.

అందరికీ పేర్లు పెట్టాక కూడా ఏడుంపావుకి నెట్ పోయింది.

ఈసారి నేను హాల్లోనే కూర్చున్నాను, సీరియల్ మానేసి. ఏడు దాటింది. మా వారు పొలం నుంచి వచ్చారు, కాళ్ళు కడుక్కున్నారు, తువ్వాలు భుజాన వేసుకుని వసారా మూల స్విచ్చు వేశారు. ఒకటి రెండు నిమిషాలు గడిచాయో లేదో గదిలోంచి అమ్మాయి "అబ్బా, మళ్ళీ!" అంది. ఆ స్విచ్చు కెమెరాల పెట్టెది. కల్లంలో కాయ ఉన్నప్పుడు దొంగల భయం కదా, ఈ ఏడే నాలుగు కెమెరాలు పెట్టించాం. పగలు మనుషులు తిరుగుతూనే ఉంటారు కరెంటు దండగ అని, మా వారు దాన్ని రాత్రి మాత్రమే వేస్తారు. ఎప్పుడు పెట్టించాం? ముఠా వచ్చిన వారంలోనే. ఆ వారం ఇంటికి కొత్తగా వచ్చినవి రెండు. మాకు ఒకటే గుర్తొచ్చింది.

స్విచ్చు ఆపాను. అమ్మాయికి నెట్ వచ్చింది. వేశాను, పోయింది. నాలుగుసార్లు చేశాను. మా వారు తువ్వాలు పట్టుకుని చూస్తూ నిలబడ్డారు.

ఎందుకలా అంటే, చిలకలూరిపేటలో డాక్టరు దగ్గరికి వెళ్తాం కదా, గుమ్మంలో ఒకమ్మాయి టోకెన్లు ఇస్తుంది. రూటర్ చేసే పని అదే, దాన్ని డీహెచ్‌సీపీ అంటారు. ఎవరొచ్చినా ఖాళీగా ఉన్న నంబరు ఒకటి ఇచ్చి కూర్చోబెడుతుంది, నిన్న వచ్చిన మనిషే అయితే వీలైనంతవరకూ నిన్నటి నంబరే ఇస్తుంది. కెమెరాలు బిగించిన అతను టోకెన్ సంగతి లేకుండా, పెట్టెలో చేత్తో 192.168.1.5 అని రాసేసి వెళ్ళాడు. పెట్టె పగలంతా ఆపేసి ఉంటుంది. 5 ఖాళీగానే ఉందనుకుని రూటర్ దాన్ని అమ్మాయి ల్యాప్‌టాప్‌కి ఇచ్చేది. రాత్రి పెట్టె వచ్చి "5 నాది" అని కూర్చునేది. ఒకే ఇంటి నంబరు రెండు గుమ్మాలకి ఉంటే పోస్టుమాన్ ఏం చేస్తాడు, కాసేపు ఇక్కడ పడేస్తాడు, కాసేపు అక్కడ. సంధిలో అయితే రెండు అచ్చులు ఒకేచోట చేరితే ఏకాదేశం అని ఒకటే వచ్చి ఇద్దర్నీ సర్దుతుంది. ఇక్కడ అలా సర్దేవాళ్ళు లేరు. ల్యాప్‌టాప్ మూలలో ఐపీ కాన్‌ఫ్లిక్ట్ అని చిన్న చీటీ రోజూ వచ్చేదట. మీటింగు హడావిడిలో అమ్మాయి దాన్ని మూసేసేది.

మీకో అనుమానం రావచ్చు, నాకూ వచ్చింది: మా ఇంట్లో 192.168.1.5, మీ ఇంట్లోనూ అదే ఉంటే గొడవ కాదా అని. కాదు. 192.168తో మొదలయ్యేవి ఇళ్ళలోపల వాడుకోవడానికే విడిగా తీసిపెట్టారు. ఊరికో రామాలయం వీధి ఉన్నట్టు, ఎవరి ఊళ్ళో వాళ్ళది. అసలు ప్రపంచం మొత్తానికీ ఉన్న పాతరకం అడ్రసులు 430 కోట్ల లోపే. పంచిపెట్టే కేంద్రం దగ్గరున్నవి 2011 ఫిబ్రవరిలోనే అయిపోయాయి. ఇంటింటికీ పదమూడు ఎక్కడి నుంచి తెస్తారు!

జబ్బు తెలిసింది కాబట్టి మందు నేనే వేస్తానన్నాను. రూటర్ పేజీలో డీహెచ్‌సీపీ అన్న చోటికి వెళ్ళి, మొదలయ్యే నంబరు మార్చబోయి, దాని పైనున్న మీట ఆపేశాను. సేవ్ కూడా చేశాను. టోకెన్లిచ్చే అమ్మాయిని ఇంటికి పంపేసినట్టయింది. పది నిమిషాల్లో ఇల్లంతా చీకటి. అమ్మాయి ల్యాప్‌టాప్‌లో చూస్తే 169.254తో మొదలయ్యే నంబరు కనబడింది. అలా ఉంటే అర్థమేమిటంటే, టోకెనిచ్చేవాళ్ళు లేక ఆ యంత్రం తనంతట తానే ఏదో నంబరు రాసుకుందని. మీకెప్పుడైనా అది కనబడితే నెట్ కంపెనీని తిట్టకండి, ముందు మీ రూటర్ని చూడండి. ల్యాప్‌టాప్‌కి చేత్తో నంబరు రాస్తే మళ్ళీ లోపలికి వెళ్ళొచ్చని తర్వాత తెలిసింది. అప్పుడు తెలియక, రూటర్ వెనక చిన్న కన్నంలో చెవిదిద్దు శీల పెట్టి నొక్కాను. అది పుట్టినప్పటి స్థితికి వెళ్ళింది. పాస్‌వర్డులూ పోయాయి, నేను పెట్టిన పదమూడు పేర్లూ పోయాయి. "ఉన్నది కూడా పోగొట్టావు" అన్నారు మా వారు. ఆ రాత్రి మీటింగు మొత్తం పోయింది. అమ్మాయి డాబా మీద ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని, ఫోన్లో క్షమాపణ మెయిల్ రాసుకుంది. నా మీద విసుక్కోలేదు, అదే బాధ.

పొద్దున్నే కేబుల్ అబ్బాయి వచ్చి నెట్ తిరిగి ఎక్కించాడు. "పేజీ మూయకు బాబూ" అని, అతని ముందే నంబర్లు 192.168.1.50 నుంచి మొదలయ్యేలా మార్చాను. 50 లోపలివి చేత్తో రాసుకునే వాటికి, కెమెరాల పెట్టె తన 5లోనే ఉండొచ్చు. ఎందుకమ్మా అన్నాడు. చెప్పాను. "మరి ఆ హ్యాకరు?" అన్నాడు. గీజరు దగ్గరికి తీసుకెళ్ళి చూపించాను. సాయంత్రం మా వారు స్విచ్చు వెయ్యబోతూ ఆగి, నాకేసి చూసి, నేను తలూపాక వేశారు. ల్యాప్‌టాప్‌కి 53 వచ్చింది. మీటింగు గంటంబావు జరిగింది, మధ్యలో ఒక్క తుమ్ము లేదు. ప్రొబేషన్ ఇంకా రెండు నెలలుంది. సంబంధాల మాట అప్పట్నుంచి ఇంట్లో రాలేదు, వస్తే ఏం చెప్పాలో పిల్లే తయారుగా ఉన్నట్టుంది.

నాలుగు రోజులు ఆగి మేస్త్రి భార్యకి ఫోన్ చేశాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక గీజరు సంగతి చెప్పాను, మారుపేర్ల సంగతి చెప్పాను. విన్నదంతా విని, "నువ్వు అన్లేదు గదమ్మా" అంది. చూపించింది నేనేనని చెప్పాను. కాసేపు అవతల నుంచి ఏమీ రాలేదు, ఎవరో పిల్లాడు ఏడుస్తున్నాడు. "ఆయప్ప మాత్రం రెండు దినాలు సరిగ్గా కూడు తిన్లేదు" అంది. రెండో కోత ఉంది వస్తారా అని అడగడానికి నోరు రాలేదు నాకు. పని కోసమే ఫోన్ చేసిందనుకుంటుందని.

ఈ సంగతి మా వారికి అన్నం దగ్గర చెప్పాను. ఏమీ అనలేదు. తినడం అయ్యాక చెయ్యి తుడుచుకుంటూ "ఆ నంబరు ఇలా ఇవ్వు" అన్నారు. ఫోన్ తీసుకుని కల్లం వైపు వెళ్ళిపోయారు, షెడ్డు దాకా. ఆయన గొంతు పెద్దది కదా, గిన్నెలు తోముతుంటే కొన్ని మాటలు వినబడ్డాయి. "కాదయ్యా... లేదు, మీవి కాదు... మా కెమెరా పెట్టె... ఆ, మాదే, మాదే."